కంకణం కట్టిన కంప్యూటర్

అక్టోబర్ 3, శుక్రవారం

నిన్న దసరా పండుగ బాగా జరిగింది. మగ్గానికి, రాట్నానికి, కత్తెరలకు, మా ఆయన బండికి పూజ చేశాం. అన్నిటికన్నా ఘనంగా నా కంప్యూటర్‌కు చేశాను. మా కొత్తవాడలో మిగతావాళ్లు డబ్బా మీద ఒక బొట్టు పెట్టి చేతులు దులుపుకుంటారు. నేనట్లా చేయను. అది నాకు అన్నం పెట్టే మిషన్. మామిడాకుతో పసుపు నీళ్లు చల్లాను, బంతిపూల దండ వేశాను, పిడికెడు పిడికెడు అక్షింతలు పోశాను. అత్తమ్మ మగ్గానికి కట్టినట్టే డబ్బా చుట్టూ పసుపు దారంతో కంకణం కట్టింది. మగ్గం మీది పడుగు నేసి అయిపోయేదాకా ఆ దారం ఎవరూ విప్పకూడదు. ఈ పడుగు దీపావళి దాటేదాకా వస్తుంది.

మహిత పడీపడీ నవ్వింది. "పెద్దమ్మా, గిది కంప్యూటరా, పోశమ్మనా? ఒక్క కోడి తక్కువైంది" అంటుంది. డిగ్రీ ఆఖరి సంవత్సరానికి వచ్చిందిగాని చిన్నపిల్ల బుద్ధి పోలేదు. మా చెల్లె రమ ఈ పిల్లను నా దగ్గర వదిలి రెండేళ్లు దాటింది. ఇది లేని ఇల్లు ఎట్లా ఉండేదో నాకు గుర్తు లేదు.

నెమళ్ల జంపఖానా డిజైన్ సగానికి వచ్చింది. నవంబర్‌లో చేనేత ప్రదర్శనకు పోవాలి. పన్నెండడుగుల జంపఖానా. నేసేది మా ఆయన కుమారస్వామి, గీసింది నేను. ఇన్నేళ్లలో నా పేరు మీద పోయే మొదటి డిజైన్. నలభై ఐదేళ్ల వయసులో ఎవరి సాయం లేకుండా కంప్యూటర్ నేర్చుకున్నదాన్ని, ఆ మాత్రం పేరు రాకూడదా?

అక్టోబర్ 4, శనివారం

నెమలి మెడ దగ్గర గడులు నింపుతుంటే తెర బిగుసుకుపోయింది. మౌస్ కదలదు, ఏం నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. స్విచ్ ఆపి మళ్లీ వేశాను. పని చేసింది. పొద్దున మహిత కాలేజీ ప్రాజెక్టు కోసం తన పెన్‌డ్రైవ్ పెట్టింది.

అక్టోబర్ 5, ఆదివారం

మూడుసార్లు ఆరిపోయింది.

అక్టోబర్ 6, సోమవారం

ఇవాళ తెరంతా నీలంగా మారి మధ్యలో ఏడుపు మొహం బొమ్మ వచ్చింది. ఏడవాల్సింది నేను, ముందే అది ఏడుస్తోంది. తర్వాత టక్కున ఆరిపోయింది. మళ్లీ వేస్తే సరిగ్గా ఇరవై నిమిషాలు పని చేసి మళ్లీ ఆరింది. గడియారం పెట్టుకుని చూశాను.

కరెంటు వల్ల కావచ్చని పక్కింటి రాజక్కను బతిమాలి వాళ్ల పవర్‌లూం అరగంట ఆపించాను. ఆపినా అంతే. నా డిజైన్ ప్రోగ్రాం తీసేసి మళ్లీ ఎక్కించాను. అయినా అంతే. ఇంకేం మిగిలింది? పెన్‌డ్రైవ్. కాలేజీలో ఇరవై మంది కంప్యూటర్లలో పెట్టిన పెన్‌డ్రైవ్ తెచ్చి నా మిషన్‌లో పెడితే ఏమవుతుంది మరి.

మహిత డబ్బా మీద చెయ్యి పెట్టి, "పెద్దమ్మా, ముట్టి చూడు, పెనం లెక్క కాలుతాంది. ఒకసారి విప్పి లోపల దుమ్ము దులుపుదామా?" అంది.

"కంకణం ఉన్నది. అత్తమ్మ ఒప్పుకోదు" అన్నాను.

"అవ్వనడుగుదాం పా."

"వద్దు. పండుగ పూట పెద్దామె మనసు కష్టపెట్టుడు మంచిది కాదు."

పండుగ అయిపోయి నాలుగు రోజులైందని నాకూ తెలుసు. తనొక్కతే తెలివిగలదైనట్టు చెబుతుంటే ఒళ్లు మండింది.

అక్టోబర్ 7, మంగళవారం

మట్టెవాడలో కంప్యూటర్లు బాగు చేసే శేఖర్‌ను పిలిపించాను. పెద్ద అనుభవం ఉన్నవాడు, నెత్తి సగం నెరిసింది. వచ్చీ రాగానే స్క్రూడ్రైవర్ తీసి డబ్బా పక్కరేకు విప్పబోయాడు. చెయ్యి పట్టుకుని ఆపాను.

"అక్కా, విప్పకపోతె ఎట్ల తెలుస్తది? దవాఖానల డాక్టర్ చొక్కా విప్పమనడా?"

"కంకణం తెంపొద్దు తమ్మీ. మా అత్తమ్మ ఊకోదు. పైపైన్నే చూడు."

గంటసేపు కూర్చుని వైరస్‌లు వెతికాడు. ఏవో రెండు దొరికాయట, తీసేశాడు. పోతూ పోతూ, "ఎవలెవలియో పెన్‌డ్రైవులు పెట్టకుండ్రి అక్కా" అన్నాడు.

చూశారా! నేనన్నది అదే కదా. మహిత అక్కడే ఉంది. దాని మొహం వైపే చూశాను, వినబడిందో లేదో అని.

అక్టోబర్ 8, బుధవారం

పొద్దున నలభై నిమిషాలు ఆగకుండా నడిచింది. శేఖర్ చెయ్యి బంగారం. నెమలి మెడ, రెండు రెక్కలు పూర్తి చేశాను.

మధ్యాహ్నం మళ్లీ ఆరింది. ఎండ పెరిగేకొద్దీ తొందరగా ఆరుతోంది. ఎందుకో అర్థం కావడం లేదు.

అక్టోబర్ 9, గురువారం

సేవ్ చేస్తుండగా ఆరిపోయింది. మళ్లీ వేస్తే డిజైన్ తెరుచుకోవడం లేదు. ఫైలు చెడిపోయిందని వస్తోంది. ఎన్నిసార్లు నొక్కినా అదే మాట. ఇరవై రెండు రోజుల పని. ఒక్కొక్క గడి, ఒక్కొక్క రంగు.

కాలేజీ నుంచి వచ్చిన మహితను ఒక మాట అన్నాను. ఏమన్నానో రాయను. అనాల్సిందే అన్నాను.

అక్టోబర్ 10, శుక్రవారం

మహిత మొదటి బస్సుకు తొర్రూరు పోయింది. అలిగింది. అమ్మ దగ్గర రెండు రోజులుంటే సర్దుకుంటుంది. రాత్రి అన్నం తినలేదు, పొద్దున చాయ్ కూడా ముట్టలేదు. ఈ కాలం పిల్లలకు ఇంత రోషమేమిటో. మేం పడలేదా మాటలు!

రాజక్క గోడ మీది నుంచి తొంగిచూసి, "పిల్ల బ్యాగేసుకొని పోతాంది, ఏందే?" అని అడిగింది. దసరా సెలవులని చెప్పాను. కాలేజీ సోమవారమే తెరిచారని రాజక్కకూ తెలుసు. "అట్లనా" అని తలకాయ లోపలికి లాక్కుంది.

అక్టోబర్ 11, శనివారం

ఫోన్ చేస్తే ఎత్తలేదు. కాలేజీకి ఇంటి దగ్గర నుంచే పోతుందేమో. పోతే పోనీ. నాకు పనులు లేవా?

అక్టోబర్ 12, ఆదివారం

శేఖర్ వచ్చి మొత్తం తుడిచేసి, అన్నీ కొత్తగా ఎక్కించాడు. ఫార్మాట్ అంటారు దాన్ని. పాతవన్నీ పోయాయి. మహిత ఫొటోలు కూడా అందులోనే ఉండేవని తుడిచాక గుర్తొచ్చింది.

ఇల్లు సున్నం వేసినట్టు తెర తెల్లగా, శుభ్రంగా ఉంది. ఇరవై నిమిషాలు. ఆరింది.

శేఖర్ బండి తాళం చేతిలో తిప్పుతూ, "అక్కా, చెప్పిన చెప్పలేదనేరు. డబ్బా విప్పంది నాతోని కాదు. దారం ఎప్పుడు ఇప్పుతరో అప్పుడు ఫోన్ జెయ్యిండ్రి" అని వెళ్లిపోయాడు.

పెన్‌డ్రైవ్ ప్రభావం ఇంకా ఎక్కడో మిగిలి ఉంటుంది.

అక్టోబర్ 13, సోమవారం

మగ్గం గుంతలో కూర్చున్న మా ఆయన తలెత్తకుండా అన్నాడు. "పిల్ల పొయ్యి నాలుగు దినాలాయె. దాని పెన్‌డ్రైవ్ దానితోనే పాయె. మిషిన్ మాత్రం గట్లనే ఆరవట్టె."

"అయితే ఏమంటవ్?"

"నేనేమంట? ఏమనలే." మళ్లీ బాదుతూ నేతలో పడ్డాడు.

మా ఆయన నెలకొకసారి మాట్లాడతాడు. మాట్లాడితే ఇట్లా మాట్లాడతాడు. కూరలో ఉప్పు వేశానో లేదో గుర్తు లేదు. ఎవరూ ఏమీ అనలేదు కాబట్టి వేసే ఉంటాను.

అక్టోబర్ 14, మంగళవారం

రమ ఫోన్ చేసింది.

"అక్కా, నువ్వు తిట్టుకోనంటే ఒకటి చెప్త. అది ఇంక చదువనంటాంది. పత్తి ఏరబోతాంది నాతోని."

"పత్తా? అదెందుకు పత్తి ఏరుడు? పరీక్షలు లేవా?"

"పరీక్షల ఫారం నింపుడు పద్దెన్మిదో తారీఖు ఆఖరట. నింపనంటాంది. వాళ్ల నాయిన ఏమో, ఆడివిల్ల, చదువుడు ఇష్టం లేదంటె మంచిదే, సంబంధాలు చూద్దామని గప్పుడే మొదలువెట్టిండు. అక్కా, ఆడ ఏమైందో చెప్పరాదు. దాన్నడిగితె నోరు తెరువది. మా పెద్దమ్మ నన్నేమనలే అంటాంది."

నన్నేమనలే అందట. 

ఏమీ కాలేదన్నాను. కంప్యూటర్ బాగాలేదని చెప్పాను. నాలుగు రోజులైతే గడువు అయిపోతుంది. మూడేళ్ల చదువు, ఆఖరి పరీక్షల ముందు.

అక్టోబర్ 15, బుధవారం

ఎవరూ లేనప్పుడు మిషన్ వేసి, ఏ పనీ చేయకుండా ఎదురుగా కూర్చున్నాను. పావుగంటకు డబ్బా మీద చెయ్యి పెట్టాను. కాలింది. చెయ్యి వెనక్కి తీసుకునేంతగా కాలింది. లోపల ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు లేదు, గీక్ గీక్ అని గొణుగుడు తప్ప. ఇరవయ్యో నిమిషానికి ఆరిపోయింది.

ఈ సంగతి మహిత ఆరో తారీఖునే చెప్పింది. ఆ పేజీ తీసి చూసుకున్నాను. పెనం లెక్క కాలుతాందని. నా చేత్తోనే రాసిపెట్టుకున్నాను. రాసినదాన్ని వినలేదు.

ఇంకొక అబద్ధం కూడా దొరికింది ఆ మూడో తారీఖు పేజీలో. ఎవరి సాయం లేకుండా కంప్యూటర్ నేర్చుకున్నానట! మౌస్ పట్టుకోవడం రాక చెయ్యి వణుకుతుంటే, నా చెయ్యి మీద తన చెయ్యి పెట్టి నెల రోజులు గీతలు గీయించింది ఎవరు? గ్రాఫు కాగితం మీద నేనేసిన గడులన్నీ తెర మీద ఎట్లా వేయాలో చూపించింది ఎవరు? దినమంతా కాలేజీలో చదువుకుని వచ్చి, సాయంత్రం నాకు చదువు చెప్పింది ఆ పిల్ల.

అక్టోబర్ 16, గురువారం

శేఖర్‌ను పొద్దున్నే రమ్మన్నాను. కత్తెర తీసుకుని డబ్బా దగ్గర కూర్చున్నాను. అత్తమ్మ పూజ గది గడపలో ఉంది. వెనక్కి తిరిగి చూడకుండానే దారం కింద కత్తెర పెట్టాను.

"ఆగు!"

అత్తమ్మ మోకాళ్లు పట్టుకుని లేచి వచ్చింది.

"అత్తమ్మా, తప్పుతలేదు. డబ్బా విప్పంది రోగం తెల్వదు. పడుగు అయిపోలే, అరిష్టమంటె నాకే తగులనియ్యి..."

"కత్తెర తియ్యవే ముందు! కత్తిరిస్తరా ఎవలన్న? కట్టిన చేత్తోని ఇప్పాలె." కింద కూర్చుని, గోటితో గీకి గీకి ముడి విప్పింది. దారం కళ్లకద్దుకుని మగ్గం గుంజకు చుట్టింది. "మగ్గంల నాడెలు ఇరుగుతయి, పన్నె పాడైతది. బాగు చేసుకునేతందుకు ఎన్నిసార్లు ఇప్పలేదు ఈ చేతులతోని? గిదొక పెద్ద ముచ్చటా? ఒక్కమాట చెప్తె పండుగ తెల్లారే ఇప్పుదును."

"నువ్వు ఒప్పుకోవని..."

"నన్నెప్పుడడిగినవే?"

నిజమే. ఎప్పుడూ అడగలేదు. ఎవరికి చెప్పినా అత్తమ్మ ఒప్పుకోదనే చెప్పానుగాని, ఎనిమిదడుగుల దూరంలో ఉన్న అత్తమ్మను అడగలేదు. అడిగితే విప్పేదేమో, విప్పితే ఏం బయటపడేదో. ఆ పిల్ల చెప్పింది నిజమని తేలడం నాకు ఇష్టం లేకపోయింది. అంతకన్నా వేరే కారణమేమీ లేదు.

శేఖర్ పక్కరేకు తీశాడు. తీసి, లోపలికి టార్చి వేసి చూసి, నా వైపు తిరిగాడు.

"అక్కా, పూజ చేసిన్రా, లగ్గం చేసిన్రా దీనికి?"

ఫ్యాను రెక్కల మధ్య నా అక్షింతలు. పై జాలీలో నుంచి పడినవి. పసుపు నీళ్లకు తడిసి, మగ్గం దూదిపింజ అంటుకుని, ఎండి, పిడచకట్టుకుపోయాయి. కింద బంతిపూల రేకులు. ఫ్యాన్ సగం కూడా తిరగడం లేదట. లోపల వేడెక్కితే, కాలిపోకుండా మిషన్ తనంతట తానే ఆరిపోతుందట.

"మరి పెన్‌డ్రైవ్?" అని అడిగాను.

"ఏ పెన్‌డ్రైవ్? ఆనాడు దొరికిన రెండు, అందరి దాంట్ల ఉంటయక్కా, దగ్గూ జలుబు అసొంటియి. వాటితోని మిషిన్ ఆరిపోతదా?" అని శేఖర్ బ్రష్ తీసుకున్నాడు.

చల్లింది నేను. పోసింది నేను. అరగంటలో ఫ్యాన్ గిర్రున తిరిగింది. రెండు గంటలైనా ఆరలేదు. నాకు సంతోషం మాత్రం కాలేదు.

అక్టోబర్ 17, శుక్రవారం

పొద్దున్నే సర్వపిండి చేసి డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను. వర్ధన్నపేట దాటేదాకా ఏం మాట్లాడాలో మనసులో అనుకుంటూనే ఉన్నాను. తర్వాత అంతా మరిచిపోయాను.

రమ వాళ్లు చేనులోనే ఉన్నారు. మహిత నడుముకు ఒడి కట్టుకుని, తలకు తువ్వాల చుట్టుకుని ఏరుతోంది. నన్ను చూసి, "ఎప్పుడొచ్చినవ్ పెద్దమ్మా?" అని అడిగి మళ్లీ వంగింది. నేనూ పక్క సాలులో పడి ఏరడం మొదలుపెట్టాను. కాయల మొనలు వేళ్లకు గుచ్చుకుంటున్నాయి. దాని వేళ్లనిండా గీతలే.

"కంప్యూటర్ మంచిగైంది బిడ్డా. నువ్వన్నట్టే. ఫ్యాన్ల నా అక్షింతలు ఇరికినయి. శేఖర్ లగ్గం చేసిన్రా అని అడిగిండు."

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"మంచిగైతె మంచిదే."

"నీ పెన్‌డ్రైవ్‌తోని ఏం కాలేదట."

"నాకెరుకే."

సాలు చివరిదాకా ఇద్దరం ఏరుకుంటూ పోయాం. అక్కడ నడుము పట్టుకుని నిలబడి, నా వైపు చూడకుండా అంది.

"పెన్‌డ్రైవ్ అన్నందుకు నేను ఈడికి రాలే పెద్దమ్మా. 'మా తిండి తిని మాకే ఎసరు పెడ్తివి' అన్నవ్. రెండేండ్లు మా అమ్మ పెట్టినట్టే అనుకొని తిన్న. నీ ఇంట్ల తింటాన్న అని ఒక్కనాడు నా మనసుల లేకుండె. ఇప్పుడు ఏ ఇంట్ల ముద్ద నోట్లె పెట్టుకున్నా గదే యాదికొస్తాంది."

తొమ్మిదో తారీఖున నేను రాయనన్న మాట అదే. అనాల్సిందే అన్నానని రాసుకున్న మాట.

మిషన్ తప్పు శేఖర్ బ్రష్‌తో తుడిచాడు. దీన్నెవరు తుడుస్తారు? "తప్పయింది బిడ్డా" అన్నాను. "నోరు జారిందని చెప్పను. జారలే. డిజైన్ పోయిన దుఃఖానికి ఎవరినో ఒకరిని కొట్టాలె, దగ్గర నువ్వున్నవ్. నువ్వు నిజం చెప్పినవ్, నేను ఇనలే. నువ్వు లేకుంటె నాకు ఇంట్ల ఉండబుద్ధి అయితలేదు." చేను మధ్యలో నిలబడి ఏడ్చాను. సిగ్గు కూడా లేకుండా ఏడ్చాను.

"ఏడ్వకు పెద్దమ్మా. కూలోళ్లు చూస్తాండ్రు" అంది. తలకు చుట్టిన తువ్వాల చివర నా చేతికిచ్చింది. అంతే. వస్తాననలేదు. రానని కూడా అనలేదు.

సర్వపిండి గట్టు మీద కూర్చుని కూలీలు తిన్నారు. చాలా బాగుందన్నారు. మహిత మాత్రం ముట్టలేదు.

అక్టోబర్ 18, శనివారం

పొద్దున ఆరు నుంచి వాకిట్లోనే ఉన్నాను. ఎనిమిదింటి బస్సు, తొమ్మిదింటి బస్సు. రాజక్క రెండుసార్లు తొంగిచూసింది, ఇవాళ ఏమీ అడగలేదు. మా ఆయన మగ్గం దిగి వచ్చి పక్కన నిలబడి, వెళ్లిపోయి, మళ్లీ వచ్చాడు. పదకొండు దాటాక ఇక రాదనుకున్నాను. సాయంత్రం అయిదుకు గడువు అయిపోతుంది.

పన్నెండు కావస్తుండగా ఆటో ఆగింది. మహిత, భుజానికి బ్యాగు. చెప్పులు విడిచి, ఎవరితోనూ మాట్లాడకుండా, నేరుగా కంప్యూటర్ ముందు కూర్చుంది. స్విచ్ వేసింది.

పరీక్ష ఫారం అంటే చిన్నదనుకున్నాను. చాలా ఉంది. పేరు, నంబరు, సబ్జెక్టులు, ఫొటో, సంతకం. మధ్యమధ్యలో ముందుకు పోదు, ఆగి గిర్రున తిరుగుతుంది. నేను తలుపు పక్కన నిలబడి గడియారమే చూస్తున్నాను. పది నిమిషాలు. పదిహేను. ఇరవయ్యో నిమిషానికి నా ఊపిరి ఆగింది. దాని చెయ్యి కూడా మౌస్ మీద ఆగింది. తెర వెలుగుతూనే ఉంది. ఇరవై ఒకటి. ఇద్దరం ఒకేసారి ఊపిరి వదిలాం. అది నాకు వినబడింది, నాది దానికి వినబడే ఉంటుంది.

నలభయ్యో నిమిషానికి ఫారం చేరింది. తీసుకున్నామని వచ్చింది.

డిజైన్ సంగతి మొదలుపెట్టాను. ప్రదర్శనకు ఇక అందదు, మళ్లీ మొదటి నెమలి నుంచి గీయాలి అని చెబుతున్నాను. ఏదో ఒకటి మాట్లాడకపోతే ఏడుపొస్తుందని. అది కుర్చీ ఇటు తిప్పి నన్ను ఆపింది.

"పెద్దమ్మా, ఆకలైతాంది. ఏం వండినవ్?"

ఏమీ వండలేదు. పొద్దటి నుంచి వాకిట్లో నిలబడ్డదాన్ని, పొయ్యే ముట్టించలేదు. అదే చెప్పాను. "పిల్లను పస్తు పెడ్తవానే?" అని అత్తమ్మ లోపలి నుంచి అరిచింది. బియ్యం ఎట్లా కడిగానో, చింతపండు ఎట్లా పిసికానో నాకే తెలియదు. ఉత్త పచ్చిపులుసు, అన్నం. మహిత వంటింట్లోనే నేల మీద కూర్చుని తిన్నది. నేను ఎదురుగా కూర్చుని, ప్రతి ముద్దా నోటిదాకా పోయేది చూస్తూ ఉన్నాను.

కంచం ఖాళీ అయ్యాక ముందుకు జరిపి, "ఇంకింత పెట్టు" అంది.